గొలుసు జమేదారు

మొన్న పొద్దుగూకేవేళ మా గల్లీలోకి పోలీసు జీపు వచ్చింది. పైన మైకు, లోపల రికార్డు చేసి పెట్టిన ఎవరో ఆడమనిషి గొంతు. "దొంగలు తిరుగుతున్నారు, జాగ్రత్త. ఊరికి పోయేటప్పుడు పక్కింటివాళ్ళకు, స్టేషనుకు చెప్పి పోండి. నగలకు మెరుగు పెడతామని కొత్తవాళ్ళు వస్తే తలుపు తీయకండి." ఆ మాట పూర్తి కాకముందే జీపు మా ఇల్లు దాటిపోయింది. అరుగు మీద కూర్చున్న నేను, ఎవరూ అడగకుండానే, "అందరం ఉన్నం!" అని గట్టిగా కేకేశాను.

మా కోడలు వంటింట్లోంచి తొంగి చూసింది. "మామయ్యా, ఎవరితోని మాట్లాడుతున్నరు?"

"పోలీసోళ్ళతోని."

"వాళ్ళు పోయిండ్రు గద!"

"గదే చెప్తున్న. ఈ కాలపు పోలీసోళ్ళకు జవాబుతోని పనిలేదు."

ఈయనకు చాయ ఇవ్వాలా, డాక్టర్ని పిలవాలా అన్నట్టు కాసేపు చూసి, చివరికి చాయ ఇచ్చింది. అది తాగుతుంటే మా గొలుసు జమేదారు నా కళ్ళ ముందుకు వచ్చి నిలబడ్డాడు. ఆయన పేరు రాయను. ఆయనా లేడు, ఆయన ఇంటామె బీబమ్మా లేదు. ఆమె ఉండి ఉంటే ఇది కూడా రాసేవాణ్ణి కాదు.

నిజాం సర్కారు నాడు సికింద్రాబాద్ స్టేషనుకు నడిచిపోయేంత దూరంలోనే మా గల్లీ. బజారు దాటితే పోలీసు నాకా. నాకాకు పెద్ద అమీన్ సాబ్. అమీన్ సాబ్ మాకు పండుగ చందమామ లాంటివాడు, ఏడాదికి ఒకసారి కనిపించేవాడు. జమేదారు మాత్రం రోజూ కనిపించేవాడు. మనిషి తాడిచెట్టంత పొడుగు, కానీ ఎప్పుడూ మెడ వంచే నడిచేవాడు. మా గల్లీ గుమ్మాలన్నీ పొట్టివి. గుమ్మం గుమ్మానికీ వంగీ వంగీ, బజారులో ఆకాశం కింద నడిచేటప్పుడు కూడా మెడ ఎత్తడం మరిచిపోయాడు.

పొద్దుగూకగానే నమాజు ముగించుకొని గల్లీ మొదట్లో నిలబడేవాడు. ముందు పాన్ ఊసేవాడు. సర్కారు మాట నోట్లో జర్దా పెట్టుకొని చెప్పకూడదట. తర్వాత మీసం కింద వేలితో ఒకసారి రాసుకొని షురూ చేసేవాడు.

"వినుండ్రి! నిన్న బావి కాడ రాగి బిందె పోయింది. ఎందుకు పోయింది? బిందె పక్కకు పెట్టి ముచ్చట పెట్టింది గనుక పోయింది. దొంగను నేను పట్టుకుంట. ముచ్చటను పట్టుకునే జైలు సర్కారు ఇంకా కట్టలే!"

బిందె ఎవరిదో చెప్పేవాడు కాదు. కానీ ఆ మాటలన్నీ ఒకే తలుపు వైపు చూసి చెప్పేవాడు, ఆ తలుపు వెనక ఎవరో మూతి ముడిచిన చప్పుడు మాకు వినపడేది.

ఆ తర్వాత నసీహత్, అంటే బుద్ధిమాటలు. కిటికీ కింద నగల సందుక పెట్టొద్దు. సందుక కడియానికి తాడు కట్టి, ఆ తాడు మంచం కోడుకు కట్టాలె. సాధువు వచ్చి జాతకం చెప్తనంటే ముందు ఆయన జాతకం అడగాలె. తలుపు వెనక చెంబు బోర్లించాలె, ఎందుకంటే దొంగ తాళానికి భయపడడు, చప్పుడుకు భయపడతడు. ఈ చెంబు మాట విని మా నాయిన రోజూ తలుపు వెనక చెంబు బోర్లించేవాడు. ఏడాది పొడుగునా ఆ చెంబు తగిలి పడ్డవాడు మా నాయిన ఒక్కడే. ఆ మాట జమేదారుతో అంటే, "దొంగ పడలేదంటే దొంగ రాలేదని గద! చెంబు పని చేసినట్టే," అన్నాడు.

ఇక గొలుసు సంగతి. ఆ రోజుల్లో ప్రతి ఇంటి తలుపుకూ బయట పైన ఒక ఇనుప గొలుసు ఉండేది. ఆయన ఇల్లిల్లూ తిరిగి ఆ గొలుసు ఊపేవాడు. లోపలివాళ్ళు జవాబు చెప్పాలి. ఇంటిల్లిపాదీ లోపలుంటే "అందరం ఉన్నం" అనాలి. ఎవరైనా బయట ఉంటే "ఒకరు రావాలె" అనాలి. ఆ ఒకరు వచ్చేదాకా ఆయన గల్లీ మొదట్లోనే తచ్చాడేవాడు. ఇది సర్కారు ఉత్తరువు కాదు, ఆయన సొంత కానూను. ఎందుకు సాబ్ ఈ తక్లీఫ్ అంటే, "సందుకకు తాళం ఉంటది. మనిషికి ఉండదు. అందుకే అడుగుతున్న," అనేవాడు.

గల్లీలో చివరి ఇల్లు ఆయనదే. అక్కడా వదిలేవాడు కాదు. తన ఇంటి గొలుసు తానే ఊపి, తన భార్యను తానే, "లోపల ఎంతమంది?" అని సర్కారు గొంతుతో అడిగేవాడు. లోపలినుంచి బీబమ్మ అంతే గంభీరంగా, "అందరం ఉన్నం జమేదార్ సాబ్. మా ఇంటాయన ఒక్కడే రావాలె. కనబడితే జెర తోలుండ్రి, కూర చల్లగైతున్నది," అనేది. గల్లీ అంతా ఈ ఒక్క మాట కోసం చెవులు నిక్కించుకొని కూర్చునేది. సినిమాకు డబ్బుల్లేని గల్లీ మాది.

నేనప్పటికి ఇరవై దాటినవాణ్ణి. నాలుగో తరగతిలో లెక్కల పంతులూ నేనూ ఒకరినొకరు వదిలేసుకున్నాక, గల్లీ మొదట్లో సైకిళ్ళు కిరాయికిచ్చే దుకాణంలో కుదిరాను. చేతులు పంక్చర్లకు, నోరు లోకానికి. గల్లీలో ఎవరి గొంతైనా దించేవాణ్ణి. ఒకనాడు దుకాణం ముందు పదిమందిని పోగేసి, మెడ వంచి, లేని మీసం కింద వేలు రాసి, "వినుండ్రి! నిన్న ఒకని తలకాయలకెల్లి అకల్ పోయింది. దొరికితే నాకాల జమ చెయ్యుండ్రి! ఉన్నోళ్ళు జాగ్రత్త!" అని అరుస్తున్నాను. అందరూ నవ్వుతూ నవ్వుతూ ఒక్కసారి ఆగిపోయారు. నా వెనక జమేదారు.

దెబ్బ పడుతుందని వీపు బిగపట్టుకున్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "గొంతు బాగనే ఉన్నదిరా," అన్నాడు. "గని 'జాగ్రత్త' అన్నకాడ నవ్వుతున్నవు. గక్కడ నవ్వొద్దు. మిగతా అంత నవ్వు."

ఆ చలికాలం ఆయన గొంతు పట్టేసినప్పుడు నన్నే పక్కన నిలబెట్టుకొని ఏలాన్, అంటే ఆ చాటింపు, చెప్పించాడు. 'జాగ్రత్త' అన్నచోట నేను నవ్వలేదు. ఆయన మాత్రం నవ్వుకున్నాడు.

ఆ తర్వాత కాలం చెడింది. దేశానికి స్వరాజ్యం వచ్చింది, మాకు రాలేదు. రోడ్ల మీద ఖాకీ వలంటీర్ల కవాతులు మొదలయ్యాయి. జిల్లాల్లో వాళ్ళు ఊళ్ళమీద పడుతున్నారనీ, ఇళ్ళు కాలుస్తున్నారనీ వార్తలు. స్టేషనులో రైళ్ళన్నీ పెట్టెబేడాలతో నిండి బెజవాడకూ, షోలాపూరుకూ పోతున్నాయి. జమేదారు నసీహత్‌లు కూడా మారిపోయాయి. సందుకలూ బిందెలూ లేవు. "ఎవరన్న వచ్చి గక్కడ గిట్లయ్యింది అంటే, నువ్వు చూసినవా అని అడుగుండ్రి. చూడలేదంటే నీళ్ళిచ్చి పంపుండ్రి, ఆ మాటను ఇంట్ల ఉంచుకోవద్దు."

జమేదారుకు ఒక్కడే కొడుకు, చాంద్. దర్జీ దగ్గర కాజాలు కుట్టేవాడు. ఆ పనీ పోయాక ఒకనాడు ఖాకీ అంగీ వేసుకొని వలంటీర్లతో జిల్లాకు వెళ్ళిపోయాడు. తండ్రి తిట్టాడో కొట్టాడో మాకు తెలియదు. ఆ సాయంత్రం మాత్రం చివరి ఇంటి గొలుసు కదిలాక బీబమ్మ గొంతులో కూర లేదు, వేళాకోళం లేదు.

"ఒక్కడు రావాలె, జమేదార్ సాబ్."

అప్పటినుంచీ రోజూ అదే జవాబు. ఆయన గొలుసు వదిలి లోపలికి పోయేవాడు. మేం నవ్వడం మానేశాం.

వాళ్ళ ఎదురింట్లో మల్లేశం ఉండేవాడు. తాళ్ళూ చాపలూ అమ్మేవాడు. ఒకనాడు గొలుసు ఊపితే ఆయన ఇంట్లోంచి కొత్త జవాబు వచ్చింది. "ఒకరం ఎక్కువున్నం."

"ఎవరు?"

"మా చెల్లె రాజవ్వ. ఊర్ల మా బావను ఖాకీలు సంపిండ్రు. ఇగ ఈడనే ఉంటది."

జమేదారు చేతిలో గొలుసు ఆగిపోయింది. "గడియ గట్టిగ పెట్టుకోండ్రి," అని మాత్రం చెప్పి, నాలుగడుగుల దూరంలో ఉన్న తన ఇంటికి చాలా సేపటికి చేరాడు.

వానలు తగ్గుముఖం పట్టాక విమానాలు వచ్చాయి, మిలటరీ వచ్చింది. నిజాం సర్కారు చేతులెత్తేసిందని రేడియో చెప్పింది. గల్లీలో సగం తలుపులు తెరుచుకొని మిఠాయిలు పంచాయి, సగం తలుపులు మూసుకొని ఊపిరి బిగబట్టాయి. నాకాలో జవాన్లు కొందరు బెల్టులు బావిలో పారేసి ఎటో పోయారు. జమేదారు మర్నాడు కూడా అదే ఖాకీ తొడుక్కొని, అదే వేళకు వచ్చి, పాన్ ఊశాడు.

మద్రాసు వైపు నుంచి కొత్త అమీన్ వచ్చాడు. చక్కని మనిషే, కానీ మా మాట ఆయనకు అంతుపట్టేది కాదు. ఒకసారి గల్లీలోకి వచ్చి చూసి, "ఏవిటయ్యా జమేదారూ, ఈ గొలుసులు ఊపడవేవిటి?" అన్నాడు.

"హాజరీ, సాబ్."

"హాజరేవిటి? వీళ్ళేమన్నా బళ్ళో పిల్లలా?"

"పిల్లలైతే బెంగ లేకుండె సాబ్. ఆకలైతే ఇంటికొస్తరు. పెద్దోళ్ళే తప్పిపోతున్నరు."

అమీన్‌కు నవ్వొచ్చింది. సరే కానీ, దాంతో పాటు ఈ ఉత్తరువు కూడా చెప్పు అన్నాడు. జమేదారు చెప్పాడు. ఇళ్ళల్లో కత్తులూ హతియార్లూ ఏమున్నా నాకాలో ఇచ్చెయ్యాలె. వలంటీర్లలో ఉన్నవాళ్ళను ఎవరు దాచినా పట్టి ఇయ్యాలె. ఇయ్యకపోతే దాచినోళ్ళను సుత పట్టుకపోతరు. మర్నాడు ఒక ముసలామె కొబ్బరి తురిమే పీట తెచ్చి నాకా ముందు పెట్టింది. "ఇదెందుకు తెచ్చినవవ్వా?" అంటే, "గిది సుత కోస్తది గద బిడ్డా," అంది. ఆ రోజుల్లో మా గల్లీ నవ్విన నవ్వు అదొక్కటే.

బజారులో మాత్రం నవ్వు లేదు. అక్కడ ఒక మనిషి మూటలో ఖాకీ అంగీ దొరికితే, అది ఎవరిదని అడిగేలోపలే ఆ మనిషిని కొట్టి పడేశారు. మళ్ళీ లేవలేదు. ఆ అంగీ ఆయనదే కాదనీ, ఎవరో ఉతకడానికి ఇచ్చిందనీ తర్వాత తెలిసింది.

ఆ మరుసటి సాయంత్రం. జమేదారు ఉత్తరువు చదివినట్టు అప్పజెప్పి, ఇల్లిల్లూ గొలుసు ఊపుకుంటూ వెళుతున్నాడు. అందరం ఉన్నం, అందరం ఉన్నం, ఒకరం ఎక్కువున్నం. చివరి ఇంటికి చేరాడు. ఊపాడు. గల్లీ అంతటా వినపడేంత స్పష్టంగా బీబమ్మ గొంతు వచ్చింది.

"అందరం ఉన్నం!"

ఆ గొంతులో ఎంత సంతోషం ఉందంటే, ఆ మాట అర్థం కావడానికి మాకు కాసేపు పట్టింది. ఆమెకూ అంతే. లోపల ఏదో గిన్నె కింద పడింది.

మల్లేశం తలుపు తెరుచుకుంది. ఇంకో తలుపు. ఇంకోటి. నేను సైకిలు వదిలేసి పరుగెత్తుకొచ్చాను. నాకు చేతనైంది ఒక్కటే గనుక అదే చేశాను. "పెద్దమ్మా, మీ దొడ్ల మేకను సుత లెక్కల వేసినవా ఏందీ?" అన్నాను.

ఒక్కరూ నవ్వలేదు. జమేదారు గొలుసు మీది చేయి తీయకుండానే, "మేక కాదు," అన్నాడు. తర్వాత తలుపు వైపు, "చాంద్. బయటికి రా," అన్నాడు.

వచ్చాడు. బనీను మీద ఉన్నాడు. ఎండకు మాడి, చిక్కి, కాజాలు కుట్టేనాటి కంటే చిన్నవాడిలా కనిపించాడు. మధ్యాహ్నం వెనక గోడ దూకి వచ్చాడట. వెనకాలే బీబమ్మ కొంగు నోట్లో కుక్కుకొని వచ్చింది. "నోటికొచ్చింది... ఏం జెయ్యాలె, ఇన్ని నెలలసంది గా మాట అననీకెనే చూస్తున్న, నోటికొచ్చింది..." అని అదే మాట మళ్ళీ మళ్ళీ.

మల్లేశం చేతిలో మోకు ఉంది. చాంద్‌ను కాదు, చెల్లెలి ముఖాన్ని చూశాడు. "వీడేనా? చెప్పు. వాళ్ళల్ల వీడున్నడా?"

రాజవ్వ చాలాసేపు చూసింది. "నాకు మొఖాలు యాదికి లేవన్నా," అంది. "ఖాకీయే యాదికున్నది." అంటూ ఆమె చూసింది బనీను మీదున్న పిల్లవాణ్ణి కాదు, జమేదారు అంగీని.

చాంద్ ఏదో చెప్పబోయాడు. "నాకాల చెప్పు, గిక్కడ కాదు," అని తండ్రి ఆపాడు. ఏం చెప్పేవాడో మాకు తెలియలేదు. చేశాడో చేయలేదో ఇప్పటికీ తెలియదు.

నాకాకు పోవాలంటే బజారు దాటాలి. బజారులో నిన్న ఏం జరిగిందో అందరికీ తెలుసు. జమేదారు ఒక్కడే తీసుకుపోతే, ఖాకీ తండ్రినీ ఖాకీ కొడుకునూ కలిపి పడేస్తారు. ఆయన మల్లేశం ముందుకు వెళ్ళి, మొదటిసారి మెడ ఎత్తి నిలబడ్డాడు.

"మల్లేశం. నాకా దాక నాతోటి రా. నువ్వు పక్కపొంటి ఉంటే వీణ్ణి ఎవ్వరు ముట్టరు."

"నేనెందుకు రావాలె?"

"రాకున్నా నిన్నేమనేది లేదు."

మల్లేశం మోకు కింద పడేశాడు. లేదు, నిజం చెప్పాలి, ముందు చేతికి చుట్టుకొని, రెండడుగులు వేసి, అప్పుడు పడేశాడు. చాంద్‌కు ఒక పక్క తండ్రి, ఒక పక్క మల్లేశం, వెనక నేను. మల్లేశం తోడు వచ్చాడో, పారిపోకుండా కాపలాకు వచ్చాడో నేను అడగలేదు. అడిగినా ఆయనకు తెలిసి ఉండేది కాదనుకుంటాను.

బజారు మధ్యలో జెండా కర్రలు పట్టుకున్న నలుగురు అడ్డం వచ్చారు. "ఎవడు వీడు?"

జమేదారు నోరు తెరిచాడు. మాట రాలేదు. అన్ని వీధుల్లో ఏలాన్ చెప్పిన నోరు. నేనూ అంతే, లోకానికంతటికీ జవాబు చెప్పే నోరు. చెప్పింది మల్లేశం.

"మా గల్లీ పోరడు. జరమొచ్చింది. తప్పుకోండ్రి."

తప్పుకున్నారు.

నాకాలో అమీన్ తల పైకెత్తి, "ఎవరయ్యా ఈ కుర్రాడు?" అన్నాడు. జమేదారు సెల్యూట్ కొట్టి, "ఖైదీ, సాబ్," అన్నాడు. కొడుకని అమీన్‌కు మర్నాడు తెలిసింది. ఆ వారంలోనే జమేదారు కొలువు పోయింది. వలంటీరు తండ్రికి సర్కారు ఖాకీ ఎందుకన్నారు. బెల్టు, ఊదే సీటీ ఇచ్చేసి, లుంగీ మీద ఇంటికొచ్చాడు.

బజారులో బతికిన పిల్లవాడు జైల్లో బతకలేదు. విచారణ కాకముందే విషజ్వరం పట్టుకుంది. మట్టి చేసి వచ్చిన రోజు మల్లేశం ఇంట్లోనూ పొయ్యి వెలగలేదు. అది దుఃఖమో, సిగ్గో, ఊరికే వండబుద్ధి కాకపోవడమో, నేను ఇంటి బయట ఉండి ఎట్లా చెప్పను?

నేను కొన్నేళ్ళకు వేరే చోట సొంత సైకిలు దుకాణం పెట్టుకున్నాను. ఒక మధ్యాహ్నం స్టేషను వెనక కట్టెల అడితి ముందునుంచి పోతుంటే ఆయన కనిపించాడు. అడితికి కాపలా ఉంటున్నాడు. దుంగ మీద కూర్చొని సాసర్‌లో చాయ పోసుకొని తాగుతున్నాడు. నన్ను చూసి పక్కకు జరిగాడు. కొంచెంసేపు ఆ మాటా ఈ మాటా అయ్యాక, నోరు ఊరుకోదు గదా, అడిగేశాను.

"సాబ్, ఆ పొద్దు పెద్దమ్మ నోరు జారకపోతే, చాంద్ ఇంట్ల ఉన్నడని మీకు తర్వాత ఎరుకైతే, ఏం జేసేటోళ్ళు?"

ఆయన సాసర్ మీద ఊదాడు. చాయ ఎప్పుడో చల్లారిపోయింది.

"నాకు ఎరుకనే ఉండె."

"ఎప్పటి సంది?"

"మధ్యాహ్నం బువ్వకు పోయిన. రొట్టెలు ఎక్కువ కాల్చింది. నా మొఖం దిక్కు చూస్తలేదు. నేను సుత చూడలే. తిని లేచిన."

"మరి ఎరుకుండి గొలుసెందుకు ఊపిండ్రు సాబ్?"

"గల్లీ అంత ఊపి నా ఇల్లొక్కటి వదిలిపెడితే అందరికి ఎరుకైతుండె గద. 'ఒక్కడు రావాలె' అంటదనుకున్న. రోజు అనేదే గద. అంటే మర్లి వచ్చేటోణ్ణి. తెల్లారి ఎటన్న పంపిద్దామనుకున్న." సాసర్ కింద పెట్టాడు. "ఇన్నేండ్ల కాపురంల ఆమెకు ఒక్క అబద్ధం నేర్పలేకపోయిన."

ఆయన గేటు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

"తన నోటి మాటకే పోరడు పోయిండనుకుంటది. రోజు ఏడుస్తది. నేను ఎరుకుండే ఊపిన అని తెలిస్తే నా మొఖం చూస్తదారా? చెప్పాలనే ఉంటది. పొద్దున లేచినప్పుడు చెప్తననుకుంట." మిగిలిన చాయ నేల మీద పారబోశాడు. "నువ్వు చెప్పకు."

అంతలోనే అడితి గేటు దగ్గర బీబమ్మ కనిపించింది. చేతిలో బువ్వ మూట. జుట్టంతా తెల్లబడింది. నన్ను గుర్తుపట్టి ముఖమంతా విప్పారింది. "ఏం బిడ్డా, ఎన్నేండ్లకు! గిట్ల కూసున్నరేందీ ఇద్దరు, ఎవరో సచ్చినట్టు? ఏదన్న చెప్పు, జెర నవ్వుత. నవ్వి ఎన్ని దినాలైందో."

ఆయన నా వైపు చూశాడు. నేను ఏదో చెప్పాను. ఏం చెప్పానో ఇప్పుడు గుర్తులేదు, సైకిలూ గాడిదా ఉన్న కథ ఏదో. బీబమ్మ మూట దుంగ మీద పెట్టి, కొంగు అడ్డం పెట్టుకొని పడీ పడీ నవ్వింది. ఆమె నవ్వుతున్నంతసేపూ, ఆమెను చూస్తూ ఆయనా నవ్వాడు.